సున్నం కింద నాలుగు గీతలు

చింతరేవు తాలూకా కచేరీ, వరండా పుస్తకం.
రాస్తున్నది తిరుమాని నాంచారమ్మ, మంచినీళ్ళ పంపకం.

తనిఖీకి పద్నాలుగు రోజులు

ఇవాళ ఇంటికి ఆరు సోలలు. మేడమీద తొట్టిలో నీళ్ళు నా మోకాలికి జానెడు పైన ఉన్నాయి. పొద్దుటి పోటు కచేరీ మూడో మెట్టు దాకా వచ్చి, నాచూ చెత్తా పడేసి వెనక్కి పోయింది. అది ఊడ్చడానికే గంట పట్టింది. ఈ సముద్రానికి సిగ్గు లేదు, ఎన్నిసార్లు ఊడ్చినా మళ్ళీ వస్తుంది.

నీళ్ళ వరుసలో ముగ్గురికి కాలివేళ్ళు చితికాయి. అదంతా ఆ ఎర్ర మేకు పుణ్యమే. కరకట్టవాళ్ళు పోయిన నెల వచ్చి, సరిగ్గా నేను నీళ్ళు కొలిచే చోట, మూడు వందల ఏళ్ళ నాపరాతికి బెజ్జం వేసి ఇనప మేకు దిగ్గొట్టి పోయారు. కొత్త కట్ట ఆ మేకు మీదుగా తిన్నగా పోతుందట. కచేరీని పడగొట్టి ఆ రాళ్ళే కట్ట కడుపులో పోస్తారట. "నీళ్ళకి మీకు రేకుల షెడ్డు వేస్తాం గదండీ" అన్నాడు వాళ్ళలో ఒకడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గాలివానకు మూడు సార్లు రేకుల షెడ్లు ఎగిరిపోవడం చూసిన ఊరికి ఆ మాట చెప్పడానికి వాడికి నోరెలా వచ్చిందో!

కట్ట పక్కకి మళ్ళాలంటే ఒక్కటే దారి. కచేరీకి 'నిలిచిన కట్టడం' అనే హోదా రావాలి. అందుకు దరఖాస్తు ఇవాళ పంపేశాం. పద్నాలుగో రోజున తనిఖీకి కంటిపిట్ట అనే సర్కారు యంత్రం వస్తుంది. మనిషి తలకాయంత ఉంటుంది, ఎగురుతుంది, చూస్తుంది, అది చెప్పిందే తీర్పు.

తనిఖీ అనగానే ఊరు ఊరంతా ఏం చేస్తుంది? సున్నం కొడుతుంది. అధికారి వస్తున్నాడంటే గోడకు తెల్లపూత వెయ్యడం మన రక్తంలో ఉంది. పైగా కచేరీకి మూడు వందల ఏళ్ళు నిండే పండగ కూడా తనిఖీ మర్నాడే. ఆనవాయితీ ప్రకారం ఇంటికో బుంగ గుల్ల సున్నం తెచ్చారు. ఏటా అయితే ఎవరి ముక్క వాళ్ళు అడ్డదిడ్డంగా పూసి పోతారు. ఈసారి అలా కుదరదన్నాను. మేస్త్రీ సయ్యద్ జాన్‌బీని పిలిచి, పని మొత్తం ఆమె చేతిలో పెట్టాను.

"గోడమీద ఒక్క గంటు కనబడకూడదు, జానీ. అన్నీ పూడ్చెయ్" అన్నాను.

"అన్నీనా, నాంచారక్కా?" అంది.

"అన్నీ అంటే అన్నీ. ఒకసారి చెబితే వినపడదా?"

వినపడింది. సాయంత్రానికి నాలుగు గోడలూ మీగడలా నున్నగా తయారయ్యాయి. దోనెల్లో పోయేవాళ్ళు తెడ్లు ఆపి మరీ చూశారు. నాకు గర్వంతో కడుపు నిండిపోయింది.

తనిఖీకి పన్నెండు రోజులు

ఆరు సోలలు. రాయడానికి చెయ్యి రావడం లేదు.

దరఖాస్తుకు జవాబు వచ్చింది. గుమాస్తా పానకాలరావుగారు వరండాలో నిలబడి పైకి చదివారు. ఈ కచేరీలో పనిచేసినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కరే, ఎనభై ఒకటి నిండాయి. కట్టడం కనీసం నాలుగు ఉప్పెనలకు నిలిచిందని రుజువు కావాలి. ఆ రుజువు కట్టడం మీదే ఉండాలి. ఫోటోలు చెల్లవు, ఎవరైనా ఎలాంటి బొమ్మనైనా పుట్టించగల రోజులు కనుక. నోటిమాట చెల్లదు. దరఖాస్తు అందిన క్షణం నుంచి, అంటే నిన్నటి నుంచి, గోడకు ఏ పనిముట్టూ తగలకూడదు. తగిలితే దరఖాస్తు రద్దు. ఈ చివరి నియమం పెట్టించింది మన అవతలి రేవువాళ్ళే. ఏం చేశారంటే, కొత్త గీతలు చెక్కి, వాటిమీద టీ డికాషన్ పోసి, పాతవని చూపించారట!

చదవడం అయ్యాక పానకాలరావుగారు కాగితం మడిచి, "మనకేం భయం? తూర్పు గోడమీద నాలుగు గీతలున్నాయిగా" అన్నారు. అందరం తూర్పు గోడవైపు నడిచాం.

తెల్లటి గోడ.

ప్రతి ఉప్పెనకూ నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో అక్కడ గీత చెక్కి, కింద ఏడాది చెక్కేవాళ్ళు. ఏటా పండగకి మేము వాటిలో నూనెమసి దిద్దేవాళ్ళం. ఇప్పుడు ఒక్కటీ లేదు. గంట్లంటే పగుళ్ళనే నా ఉద్దేశం, ఈ గీతలు గుర్తుకే రాలేదు. నా మాట ప్రకారం జాన్‌బీ అన్నీ పూడ్చేసింది, మసి తుడిచి మరీ పూడ్చేసింది. అంత నాణ్యమైన పని ఈ ఊళ్ళో ఇంకెవరూ చెయ్యలేరు. అదే మా కొంప ముంచింది.

నాలుగో గీత అన్నిటికంటే పైన, మేడ కిటికీల రాతి అంచుకు మూరెడు కింద ఉండేది. దాని కింద రాత కూడా ఉండేది. "నీళ్ళు ఇక్కడిదాకా. మేడమీద ఆరు వందల పన్నెండు మంది. ఒక ఆడపిల్ల పుట్టింది. అందరూ క్షేమం." ఆ ఆడపిల్లను నేనే. కాగితాలన్నీ ఆ ఉప్పెనలోనే పోయాయి. నేను పుట్టానని ఈ లోకంలో రాసి ఉన్న చోటు అదొక్కటే. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు 'గోడపిల్లా' అని పిలిస్తే రాళ్ళు తీసుకుని వెంటబడేదాన్ని. ఇవాళ ఆ గోడ ముందు నిలబడి ఏడ్చాను, అందరి ముందూ.

తనిఖీకి పదకొండు రోజులు

ఆరు సోలలు. వరుసలో ఒక్కరూ నా మొహం చూడలేదు. తిట్టినా బావుండేది.

మధ్యాహ్నం పాటుకి, సముద్రం వెనక్కి తగ్గాక, తూర్పు గోడ దగ్గర అలికిడి విని వెళ్ళాను. జాన్‌బీ తాపీ పట్టుకుని నిలబడి ఉంది. నిచ్చెన వేసే ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఆ పై రాత చెక్కింది మా తాతక్కా. మా తాత చేతిరాతని నా చేత్తో పూడ్చేశా. గీకేస్తా, ఎవురు చూస్తారు?" అంది.

నేనేమంటానోనని ఒక్క క్షణం నాకే భయం వేసింది. ఎందుకంటే నాకూ 'గీకెయ్' అనాలనే ఉంది. అంతలో పానకాలరావుగారు కర్ర టకటకలాడించుకుంటూ వచ్చారు.

"అమ్మాయ్, తాపీ కింద పెట్టు. తాజాగా గీకిన గోడని ఆ పిట్ట ఇట్టే పసిగడుతుంది. అప్పుడు మనం కూడా టీ నీళ్ళ బాపతు కిందే జమ."

"మరి ఊరుకోమంటారా, గుమాస్తాగారూ?" అన్నాను.

"ఊరుకోమని ఎవరన్నారు? ఈ కచేరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను నాంచారూ. నియమాన్ని దాటకుండా పని అవగొట్టడమే ఉద్యోగం అంటే" అన్నారు. ఎలాగో మాత్రం ఆయనకీ తెలియదు.

జాన్‌బీ తాపీని నా చేతికిచ్చేసింది. తనిఖీ అయ్యేదాకా నీళ్ళ గదిలో తాళం వేసి పెట్టమంది. పెట్టాను.

తనిఖీకి ఏడు రోజులు

ఆరు సోలలు. తొట్టి మట్టం మోకాలికి దిగింది.

ఊళ్ళో అరవై ఏళ్ళు దాటిన ఇరవై మంది సాక్ష్యం చెబుతామని రాసిన అర్జీకి జవాబు వచ్చింది. ఒకే ఒక్క ముక్క. "నోటిమాట చెల్లదు."

కానీ ఇవాళ ఇంకోటి జరిగింది. నేనూ జాన్‌బీ పొద్దుటెండలో తూర్పు గోడ దగ్గర కూర్చుని చద్దన్నాలు తిన్నాం. రోజూ అక్కడే కూర్చుంటున్నాం, చచ్చినవాళ్ళ ఇంటి దగ్గర కూర్చున్నట్టు. తిన్నాక చెయ్యి కడుక్కుని, ఆ కాసిని నీళ్ళూ విసురుగా పక్కకు చిమ్మాను. ఎంగిలి నీళ్ళు గోడమీద పడ్డాయి. "అయ్యో, కొత్త పూతక్కా!" అంది జాన్‌బీ. పడితే పడనీ అన్నాను, కోపంగానే. గిన్నెలు సర్దుకుని లేచేసరికి ఎండకి తడి ఆరిపోతోంది.

మొత్తం ఆరలేదు. బెత్తెడు మేర ఒక సన్న గీత తడిగానే ఉండిపోయింది. దాని కింద రెండు అంకెలు కూడా.

"జానీ" అన్నాను. వేలితో చూపించాను.

ఆమె దగ్గరికి వెళ్ళి, ముక్కు గోడకి ఆనేటంతగా వంగి చూసి, రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "పైపూత పల్చన గదా, ఇట్టే ఆరిపోద్ది. గంటు లోపల ముద్ద సున్నం దట్టంగా కూరా. అది నీళ్ళు పీల్చుకుని వదలదు. నా పనితనం తగలెయ్య, ఎంత బాగా కూరానో చూడక్కా!"

కొన్ని క్షణాలకు గీత కూడా ఆరిపోయి గోడ మళ్ళీ తెల్లబడింది. మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని పిచ్చివాళ్ళలా నవ్వాం.

తనిఖీకి ఆరు రోజులు

పానకాలరావుగారు నియమాల కాగితం మూడు సార్లు చదివారు. "నీళ్ళు పనిముట్టు కావు. వాన పడితే గోడ తడవదా? కానివ్వండి" అని తీర్పు చెప్పారు.

చిక్కు వేరే ఉంది. వెనక గోడ మూల ఒక చెంబుడు సముద్రపు నీళ్ళు పోసి చూశాం. సాయంత్రానికి కూడా ఆరలేదు. సున్నంలో దిగిన ఉప్పు గాలిలోని చెమ్మని లాగుతూనే ఉంటుంది, ఆ మచ్చ ఇక ఎప్పటికీ అలాగే ఉంటుందట. కాబట్టి మంచినీళ్ళే కావాలి. తూర్పు గోడ మొత్తం నానాలంటే ఎన్ని కావాలో జాన్‌బీ వేళ్ళమీద లెక్కేసింది. ఊరు మొత్తానికి ఒక రోజు నీళ్ళు.

తొట్టిలోంచి తీసి పోసెయ్యమన్నారు కొందరు. ససేమిరా కుదరదన్నాను. పంపకం పోను తొట్టిలో మిగిలే నీళ్ళు వానలు పడేదాకా చంటిపిల్లలవీ, జబ్బుపడినవాళ్ళవీ. నేను చేసిన తప్పుకి వాళ్ళ గొంతులు ఎండబెట్టను.

వరుసలో నిలబడ్డవాళ్ళు గుసగుసలాడుకున్నారు. చివరికి ముందున్న రొయ్యల గంగాభవాని బిందె కింద పెట్టి, "సున్నం ఇంటికో బుంగ తెచ్చాం గదా. నీళ్ళూ ఇంటికో చెంబు తెద్దాం. రోజూ కాస్త మిగుల్చుకుంటే ఆరు రోజులకి ఓ చెంబు అవ్వదా?" అంది. ఎవరూ చేతులెత్తలేదు, ఓట్లు లెక్కపెట్టలేదు. అందరూ బిందెలు నింపుకుని ఇళ్ళకు పోయారు. ఒప్పుకున్నట్టే.

తనిఖీకి ఒక్క రోజు

ఆరు సోలలు. రెండు వందల పన్నెండు ఇళ్ళు, రెండు వందల తొమ్మిది చెంబులు వచ్చాయి. మిగతా మూడూ ఖాళీ ఇళ్ళు. చెంబుల మీద తడిగుడ్డలు కట్టి మేడమీద గదిలో వరుసగా పెట్టాం. నా చెంబు నిండడానికి నాలుగు రోజులు స్నానం మానేశాను, ఈ సంగతి పక్కన కూర్చున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

మేడ కిటికీల్లోంచి పోసేవాళ్ళు ఇరవై మంది, కిందనుంచి చిమ్మేవాళ్ళు నలభై మంది. గోడకి చెంబు కూడా తగలకూడదని పదిసార్లు చెప్పాను. పదకొండోసారి చెప్పబోతే గంగాభవాని, "వదినా, నువ్వు ఒకసారి చెబితే ఏమయిందో చూశాంగా, ఇంక చెప్పమాక" అంది. వరండా అంతా గొల్లుమంది. పది రోజుల తరవాత నా మొహం చూసి నవ్వారు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

తనిఖీ రోజు

పొద్దున పాటుకి, తొమ్మిదింటప్పుడు, కాలవ మీదుగా వస్తూ కంటిపిట్ట కనబడింది. "పోయండి!" అని అరిచాను.

రెండు వందల తొమ్మిది చెంబులు. గుక్కెడు నీళ్ళ కోసం తగువులాడుకునే మనుషులు, ఆరు రోజులు దాచుకున్న నీళ్ళను గోడమీద గుమ్మరించారు. గోడ పైనుంచి కింద దాకా బూడిద రంగుకి తిరిగింది.

పిట్ట వచ్చి తూర్పు గోడ ముందు గాలిలో ఆగింది. "చింతరేవు తాలూకా కచేరీ. పరిశీలన వ్యవధి నలభై నిమిషములు. గోడ తడిగా ఉన్నది. గుర్తులు కనబడుట లేదు" అంది.

"కనబడతాయి, కాస్త ఆగు నాయనా" అన్నారు పానకాలరావుగారు.

ఎండ బాగానే కాస్తోంది. పది నిమిషాలకు కింద మొదటి గీత తేలింది. చుట్టూ తెల్లబడుతుంటే అదొక్కటే నల్లగా, తిన్నగా. "ఒకటి" అంది పిట్ట. తరవాత రెండోది, మూడోది. ప్రతిదానికీ ఊరంతా కేకలు. పిట్ట దగ్గరికి వెళ్ళి ఒక ఎర్ర వెలుగు పారించి, "గాడి ఉన్నది. గాడి పూతకంటె పాతది. మూడు" అంది.

నాలుగోది రాలేదు.

సూర్యుడు పైకెక్కేకొద్దీ కిటికీల కింది రాతి అంచు నీడ గోడమీదకి జారింది. సరిగ్గా నాలుగో గీత ఉన్న మేరంతా నీడలో పడింది. అక్కడ ఏదీ ఆరడం లేదు. గీతా తడే, గోడా తడే. ఈ నీడ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే మేము రోజూ అన్నం తిన్నది గోడ అడుగున.

"శేషవ్యవధి పన్నెండు నిమిషములు."

జాన్‌బీ చటుక్కున పమిట కొంగు తీసి, మేడమెట్లు ఎక్కుతూ అరిచింది. "విసరండర్రా! విసనకర్రలు తేండి! చేటలు తేండి!"

ఒక్క నిమిషంలో ప్రతి కిటికీలోంచీ చేతులు వేలాడాయి. తాటాకు విసనకర్రలు, చేటలు, కండువాలు, పాత దుప్పట్లు. కిందనుంచి ఇద్దరిద్దరు పొడుగాటి చీరలు పట్టుకుని పైకీ కిందికీ ఊపారు. సర్కారు కట్టడానికి ఊరంతా కలిసి విసిరాం. నేను నా చేటని ఎంత గట్టిగా ఊపానంటే భుజం ఇంకా పట్టేసి ఉంది.

పిట్ట కాస్త వెనక్కి జరిగింది. "ఈ చర్య ఏమి?"

"దానికి చెమట పట్టింది బాబూ. మూడు వందల ఏళ్ళు నిలబడే ఉంది గదా" అన్నారు పానకాలరావుగారు, చెక్కు చెదరకుండా.

పిట్ట ఒక విసనకర్ర మీద ఎర్ర వెలుగు పారించింది. "గాలి పనిముట్ల జాబితాలో లేదు" అంది.

"శేషవ్యవధి నాలుగు నిమిషములు." ఎవరూ ఆగలేదు. "రెండు నిమిషములు." అప్పుడు గోడ మచ్చలు మచ్చలుగా తెల్లబడింది. ముందు గీత వచ్చింది. దాని కింద అక్షరాలు ఒక్కొక్కటే, గుండ్రంగా, లోతుగా, జాన్‌బీ తాత చేతిరాత. జాన్‌బీ కిటికీలోంచి సగం కిందికి వేలాడుతూ తలకిందులుగానే చదివేస్తోంది, ఏడుస్తూ.

పిట్ట కూడా పైకి చదివింది, దాని సర్కారు గొంతుతో. "మేడమీద ఆరు వందల పన్నెండు మంది. ఒక ఆడపిల్ల పుట్టింది. అందరూ క్షేమం." తరవాత "జనన నమోదు. ఇతర ప్రతి లేదు. ఆ శిశువు ప్రస్తుతం జీవించి ఉన్నదా?" అని అడిగింది.

ఊరంతా నావైపు వేలు చూపించింది.

"ఉన్నానయ్యా. చేట పట్టుకుని నీ కిందే ఉన్నాను" అన్నాను.

ఎర్ర వెలుగు నా మొహం మీద పడి, గోడమీదకి వెళ్ళి, మళ్ళీ నా మీదకి వచ్చింది. "నాలుగు. నిలిచిన కట్టడం" అంది.

పండగ రోజు

ఇవాళ ఇంటికి నాలుగు సోలలే. నిన్న విసిరీ విసిరీ సొమ్మసిల్లినవాళ్ళకి తొట్టిలోంచే తాగించాను. అది నా నిర్ణయమే, ఇక్కడ రాసి పెడుతున్నాను.

కరకట్టవాళ్ళు పొద్దున్నే వచ్చి కొత్త మేకును తూర్పున నలభై అడుగుల అవతల, నీళ్ళలో దిగ్గొట్టారు. రేకుల షెడ్డు మాట ఎత్తినవాడు కూడా వచ్చాడు. వాడికీ ఒక సోల నీళ్ళిచ్చాను. వరండాలో మేకును మేమే పీకుతామన్నాం. నేనూ జాన్‌బీ చెరోవైపు పట్టి లాగితే ఊడి వచ్చింది. బెజ్జాన్ని పూడ్చనా అని ఆమె అడిగింది. వద్దు, ఆ ఒక్క గంటూ ఉండనీ అన్నాను. ఈసారి ఇద్దరం రెండు సార్లు అడిగి, రెండు సార్లు చెప్పుకున్నాం.

గీతల్లో సున్నం తియ్యడానికి అనుమతి వచ్చింది. నీళ్ళ గది తాళం తీసి జాన్‌బీకి తాపీ తిరిగి ఇచ్చాను. వాళ్ళ తాత అక్షరాల్ని ఒక్కొక్కటే విప్పుతోంది, సాయంత్రానికి మసి దిద్దుతాం. మేకుని నీళ్ళ గది తలుపు పక్కన కొట్టి, సోలని దానికి తగిలించాను. నాలుగు సోలలకి ఎవరూ గొణగలేదు, పానకాలరావుగారు తప్ప.